పద్నాలుగు గుంటలు

ఆ కుర్చీ ఇటు లాక్కోండి, మంచానికి కుడివైపు. ఎడమవైపు కూర్చుంటే మామ్మగారి వరకూ మీరు గదిలో లేనట్టే. మెదడు కుడిభాగంలో వచ్చిన పక్షవాతం. కళ్లు బాగానే ఉన్నాయి, ఎడమవైపు ఏముందో ధ్యాసలోకి రావడం లేదు. మధ్యాహ్నం భోజనం ట్రే చూశారుగా? కుడి సగం ఖాళీ. ఎడమ సగంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఛార్టులో మాత్రం 'ఆకలి తక్కువ' అని ఉంది. సాయంత్రం భోజనం మధ్యలో పళ్లెం ఒకసారి తిప్పమని వంటవాళ్లకీ, సహాయకులకీ చెప్పాలి, రాసుకోండి.

న్యూజెర్సీలో జనవరి నెల. కిటికీ బయట కార్ల మీద మంచు గట్టిపడి ఉంది. లోపల హీటరు రొద. మామ్మగారిది తణుకు దగ్గర పల్లెటూరు. భుజాల మీద శాలువా, దాని మీద మళ్లీ ఈ నర్సింగ్‌హోము దుప్పటి. ఎడమచెయ్యి ఒళ్లో పడి ఉంది. పక్కన కొడుకు, చేతిలో ఇన్సూరెన్సు కాగితాలు.

మీ ఇంటర్న్‌షిప్పు 560 గంటల్లో ఈ గంటని జాగ్రత్తగా చూడండి. రిక్రియేషన్ థెరపిస్టులంటే బింగో ఆడించేవాళ్లని ఈ బిల్డింగులోనే చాలామంది అనుకుంటారు. ఎవరికి ఏ ఆట, ఏ పని, ఎందుకు అన్నది ముందు తేల్చాలి. అది తేల్చకుండా పెట్టే ఏ కార్యక్రమమైనా కాలక్షేపమే, వైద్యం కాదు.

గదిలోకి వచ్చేముందు ఛార్టు చదివే వచ్చాం. మింగడంలో ఇబ్బంది లేదు. జ్ఞాపకశక్తి పరీక్షలో 15కి 13. ఫోన్లో దుబాసీని పెట్టుకుని సోషల్ వర్కరు చేసిన పరీక్ష అది. మేజోడు, నీలం, మంచం అనే మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ అడుగుతారు. ఫిజియోథెరపీలో పది నిమిషాలకే అలిసిపోతున్నారట. ఈ పదినిమిషాల సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక మన ప్రశ్నలు. అమెరికా నర్సింగ్‌హోముల్లో అందరికీ చేసే ఎండీఎస్ అసెస్‌మెంటులో ఇవి సెక్షన్ ఎఫ్ కింద వస్తాయి. 2010 అక్టోబరు నుంచి వీటిని నేరుగా మనిషినే అడగాలి. జవాబు చెప్పలేని స్థితి ఉంటేనే ఇంట్లోవాళ్లని అడుగుతాం. జవాబులున్న కార్డుని తెలుగులో పెద్దక్షరాలతో రాసి తెచ్చాను. కుడివైపునుంచి చూపిస్తున్నాను.

"మామ్మగారూ, ఇక్కడున్నన్నాళ్లూ పుస్తకాలూ పేపర్లూ చదువుకోవడం మీకెంత ముఖ్యమండీ?"

"అమ్మకి హాబీలంటూ ఏం లేవండి," అంటున్నాడు కొడుకు. "టీవీలో సీరియళ్లు చూస్తుంది, అంతే."

అబద్ధం కాదు. అతను పొద్దున్నే వెళ్లి పొద్దుపోయాక వచ్చేసరికి ఆవిడ టీవీ ముందే ఉంటారు, అతనికి తెలిసిన అమ్మ ఆ వేళ అమ్మే. కాఫీ తాగి రమ్మని మెల్లిగా బయటికి పంపిస్తున్నాను.

"వారపత్రిక లేకపోతే నాకు తోచేది కాదమ్మా," అంటున్నారు మామ్మగారు. "ఇప్పుడు వరస దొరకట్లేదు. ఏ మాటకా మాట మధ్యలో మొదలవుతోంది."

కార్డు మీద అయిదో జవాబు చూడండి: 'ముఖ్యమే, కానీ చెయ్యలేను, లేదా ఆ వీలు లేదు.' ఆ అయిదు ఎక్కడ పడితే అక్కడ మన పని మొదలవుతుంది. 'అసలు ముఖ్యం కాదు' అన్న నాలుగుకీ దీనికీ తేడా పట్టుకోలేని అసెస్‌మెంటు, చదవాలని తపించే మనిషిని చదువంటే ఆసక్తి లేని మనిషిగా కాగితం మీద పెట్టేస్తుంది.

పెంపుడు జంతువులు? "గేదెలు లెక్కలోకొస్తాయా?" పూజ? చాలా ముఖ్యం, దీపం లేకుండా ఎలా అని ఆవిడ బెంగ. ఇక్కడ నిప్పు వెలిగించనివ్వరు కాబట్టి బ్యాటరీ దీపం సంగతి తర్వాత మాట్లాడదాం. నలుగురితో కలిసి ఏదైనా చెయ్యడం? "అంత ముఖ్యం కాదులే. నాకు ఇంగ్లీషు రాదు, వాళ్లకి తెలుగు రాదు. ఎవరితో చేస్తాను?"

మీకు ఇష్టమైన పనులు?

"ఇష్టమేవిటమ్మా? చెయ్యాలి కాబట్టి చేశాను."

ఇక్కడ ప్రశ్నది తప్పు, ఆవిడది కాదు. తీరిక అనేదాన్ని ఎవరూ విడదీసి ఇవ్వని తరం ఆడవాళ్లని హాబీలు చెప్పమంటే ఏం చెబుతారు? ఇంకోరకంగా అడగాలి.

"వేసంకాలం మధ్యాహ్నాలు పనయ్యాక మీ వీధిలో ఆడవాళ్లంతా ఎవరింటి దగ్గర చేరేవారండీ?"

"ఇంకెవరింటి దగ్గర, మా అరుగు మీదే. చింతపండు ముందేసుకుని పిక్క తీసేవాళ్లం."

"ఆ పిక్కలేం చేసేవారు?"

తల మొదటిసారి పూర్తిగా నావైపు తిరిగింది. "వామనగుంటలు."

మందుల బండి మీద చిన్న ప్లాస్టిక్ కప్పులుంటాయి, ఓ పద్నాలుగు పట్టుకురండి. క్రాఫ్టు బీరువాలో ఎండు రాజ్మా గింజలున్నాయి. వరసకి ఏడు చొప్పున రెండు వరసలు పేర్చండి. "గుంటకి అయిదు పొయ్యి," అంటున్నారు మామ్మగారు. డెబ్భై గింజలు.

ఇప్పుడు చెయ్యి చూడండి. ఒక కప్పు ఎత్తి కుడిచేతిలో గుమ్మరించుకున్నారు. బొటనవేలితో ఒక్కొక్క గింజనే నెడుతూ కుడివైపుకి పంచుతున్నారు. చేతిలోవి అయిపోగానే పక్క కప్పు ఎత్తుకుని సాగిస్తున్నారు. చివరి కప్పు దగ్గర మలుపు తిరిగి నా వరసలోకి వచ్చారు, ఎడమవైపుకి పోతున్నారు. మూడు, నాలుగు, అయిదు. ఆగిపోయింది. నా చివరి రెండు కప్పులూ, తనవైపు మొదటి రెండు కప్పులూ అక్కడ లేనట్టే దాటేసి, తన మూడోదాంట్లో వేశారు.

నేనేం అనలేదు. మీరూ అనకండి.

ఆవిడ నొసలు ముడిపడింది. "ఇక్కడ తేలకూడదే." గింజలు ఎత్తకముందే చివరిది ఎక్కడ పడుతుందో లెక్కేసుకున్నారు. ఆట తెలిసినవాళ్లు అలాగే ఆడతారు. ఎడమవైపు కొంత పోతోందని ఎవరు చెప్పినా నమ్మని మనిషికి సొంత లెక్కే ఆ సంగతి చెప్పింది. కాగితం మీద గీతలు కొట్టించే పరీక్షలో ధ్యాసలోపం తెలుస్తుంది, నిజమే. లోపాన్ని తానే పట్టుకోగల తెలివి ఇంకా ఎంత ఉందో మాత్రం ఇలాంటి చోటే బయటపడుతుంది.

ట్రే ఎడమ అంచున ఎర్ర టేపు అంటిస్తున్నాను. "ఎర్రగీత కనబడేదాకా చూపు జరపండి మామ్మగారూ." జరిపారు. "ఓసి, ఇవెప్పుడు పెట్టావే!" తర్వాతి చుట్టులో ఒక్క కప్పే తప్పింది. ఒళ్లో ఉన్న ఎడమచెయ్యి, ఎవరూ చెప్పకుండానే, పైకొచ్చి ట్రే అంచుని ఆనుకుంది. గడియారం చూడండి, ఇరవై అయిదు నిమిషాలుగా నిటారుగా కూర్చుని ఉన్నారు.

బీపీ చూడ్డానికి వచ్చిన సహాయకురాలిది ఘనా. ట్రే చూసి ఆగిపోయింది. వాళ్ల దేశంలో ఈ ఆటని ఓవారే అంటారు, గుంటకి నాలుగు గింజలు. బీపీ మిషను మంచం మీద పెట్టి, రెండు చివరి కప్పులూ తీసెయ్యబోయింది. వాళ్లకి పన్నెండే గుంటలు. మామ్మగారు ఆ చేతిమీద చిన్న దెబ్బ వేశారు.

నలుగురితో కలవడం అంత ముఖ్యం కాదన్న జవాబుని నేను మార్చను. ఆవిడ చెప్పింది చెప్పినట్టే ఫారంలో ఉంటుంది. కింద నోట్‌లో మాత్రం ఈ దెబ్బ సంగతి వివరంగా రాస్తాను: భాష కలవకపోయినా ఎదురుగా ఆటగత్తె ఉంటే తానే చొరవ తీసుకున్నారని. రెండువారాల లక్ష్యం కూడా ఇదే ఆటలోంచి రాద్దాం. ఎర్రగీత గుర్తుతో ఎడమవైపు నాలుగు కప్పులూ అయిదు చుట్లలో నాలుగుసార్లు అందుకోవాలి. తర్వాత అదే ఎర్రగీత వారపత్రిక ఎడమ మార్జిన్లోకి వెళ్తుంది.

"పన్నెండైతే అది ఆట కాదని ఆ పిల్లకి చెప్పమ్మా," అంటున్నారు మామ్మగారు. చెప్పాను. ఘనా అమ్మాయి నడుంమీద చేతులు పెట్టుకుని, పద్నాలుగైతే అది మోసమంటోంది. రాత్రి డ్యూటీ దిగాక వచ్చి తేల్చుకుంటుందట.