జాన్స్‌టౌన్ జెట్స్ - ఒక ఉక్కు ఊరి హాకీ జట్టు కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మన ప్లాంటు తొలిరోజుల గురించి అయితే బాగుంటుంది" అన్నారు. ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుకని వారి అనుమతితో వేరొక ఊరి చరిత్ర రాస్తున్నాను. అదీ ఉక్కు ఊరే. అయితే నేను చెప్పబోయేది అక్కడి ఫర్నేసుల గురించి కాదు. ఆ ఫర్నేసుల దగ్గర పనిచేసినవారి జీతాల మీద ఇరవై ఏడేళ్లు బతికిన ఒక ఐస్ హాకీ జట్టు గురించి. మనకూ ఆ జట్టుకూ ఏమిటి సంబంధం అనుకోకుండా మిత్రులు చివరిదాకా చదవాలని మనవి.

2017 వేసవిలో మేమిద్దరం మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లాం. పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి దర్శనం అయ్యాక, ఇంకేం చూస్తారని వాడు అడిగాడు. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరేదైనా చూపించమన్నాను. ముప్పై ఏళ్లు చూసింది చాల్లేదా అని మా ఆవిడ నవ్వింది. మర్నాడు వాడు మమ్మల్ని తూర్పుగా గంటన్నర దూరంలో ఉన్న జాన్స్‌టౌన్‌కు తీసుకెళ్లాడు.

చుట్టూ కొండలు. స్టోనీక్రీక్, లిటిల్ కోనెమా అనే రెండు చిన్న నదులు కలిసే చోట పల్లంలో ఆ ఊరు ఉంది. 1852లో అక్కడ కేంబ్రియా ఐరన్ కంపెనీ ఏర్పడింది. 1923లో ఆ మిల్లులు బెత్లెహెం స్టీల్ చేతికి వచ్చాయి. పని దొరికిందంటే ఆ మిల్లులో, కష్టం వచ్చిందంటే నదిలోనుంచి అన్నట్టు సాగింది ఆ ఊరి బతుకు. 1889 మే 31న ఎగువన పిట్స్‌బర్గ్ ధనవంతుల క్లబ్బు తాలూకు ఆనకట్ట తెగి 2,209 మంది చనిపోయారు. 1936లో మళ్లీ వరద వచ్చింది. ఆ తరువాత ప్రభుత్వం నదులకు కాంక్రీటు గోడలు కట్టించింది. ఇక వరద రాని ఊరు మాది అని జాన్స్‌టౌన్ వాళ్లు గొప్పగా చెప్పుకున్నారు.

యుద్ధాల్లో పోయిన తమ జిల్లా సైనికుల జ్ఞాపకార్థం 1950లో ఊరి నడిబొడ్డున వార్ మెమోరియల్ అరీనా కట్టారు. సుమారు నాలుగు వేల మంది కూర్చోవచ్చు. నేల కింద గొట్టాలు వేసి, అతి చల్లని ఉప్పునీరు పంపి, పైన నీటిని గడ్డకట్టిస్తారు. జాన్స్‌టౌన్ జెట్స్ అనే జట్టు ఆ ఏడాదే మొదలైంది. ఐస్ హాకీ మన హాకీలాంటిది కాదు. ఒక్కో వైపు ఆరుగురే ఉంటారు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ల. ఇరవై నిమిషాల చొప్పున మూడు విడతల ఆట.

జెట్స్ పెద్ద లీగ్ జట్టు కాదు, మైనర్ లీగ్ జట్టు. అంతమాత్రాన ఆటగాళ్లు తక్కువవారనుకోకూడదు. 1967 వరకు పెద్ద లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు. అందులో చోటు దొరకని మంచి ఆటగాళ్లు, ముఖ్యంగా కెనడా కుర్రాళ్లు, ఇలాంటి చిన్న ఊళ్లలోనే జీవితమంతా ఆడారు. డిక్ రోబర్జ్ అనే ఆయన 1950ల నుంచి 70ల మొదటి దాకా ఈ ఊరి తరపునే ఆడి, ఈస్టర్న్ హాకీ లీగ్ చరిత్రలోని పెద్ద స్కోరర్లలో ఒకరయ్యారు. 1960, 61, 62 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు జెట్స్ ఆ లీగ్ విజేతలు.

మేము వెళ్లినప్పుడు అరీనా బయట బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. మిల్లులో పనిచేసి రిటైరయ్యారట. మా నాన్న కూడా ఉక్కు ప్లాంటులోనే చేశారని మా అబ్బాయి చెప్పగానే ఆయన పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. ఎన్ని టన్నులు, ఏ మిల్లు, ఎన్ని షిఫ్టులు అని మన ధోరణిలో నేను అడుగుతుంటే, ఆయన మాత్రం మాట మాటకీ హాకీలోకి వెళ్లిపోయారు. శనివారం సాయంత్రం షిఫ్టు పడ్డవాడు ఆట చూడలేక, తరువాత పనిలోకి వచ్చినప్పుడు మొదట స్కోరు అడిగేవాడట. మ్యాచ్ ఉన్న రోజు షిఫ్టు మార్చుకోవడానికి ఎన్ని పాట్లు పడేవారో కూడా చెప్పారు. క్రికెట్ రోజుల్లో మనం పడ్డ పాట్లు గుర్తొచ్చి నాకూ నవ్వొచ్చింది.

ఇలాంటి జట్టుకు ప్రధాన ఆదాయం టిక్కెట్లే. మిల్లులో జీతాలు పడితే అరీనా నిండేది. మిల్లులో మనుషుల్ని తగ్గిస్తే గ్యాలరీలో కుర్చీలు ఖాళీ అయ్యేవి. 1973లో పాత లీగ్ మూతపడి, జెట్స్ నార్త్ అమెరికన్ హాకీ లీగ్‌లో చేరింది. 1975లో ఆ లీగ్ కప్పు గెలిచింది కూడా. అయినా కప్పు గెలిచినంత మాత్రాన ఖర్చులు గడవవు కదా!

ఆ రోజుల్లో జట్టులో నెడ్ డౌడ్ అనే ఆటగాడు ఉండేవాడు. జట్టు అమ్మకానికి వచ్చిందని అతడు ఫోన్లో చెప్పిన సంగతి నుంచే అతని అక్క నాన్సీ డౌడ్ ఒక సినిమా కథ అల్లింది. అదే 'స్లాప్ షాట్'. జార్జ్ రాయ్ హిల్ దర్శకుడు, పాల్ న్యూమన్ కథానాయకుడు. 1976లో చాలా భాగం జాన్స్‌టౌన్‌లోనే తీశారు. జెట్స్ ఆటగాళ్లు కొందరు అందులో వేషాలు కూడా వేశారు. కథలో ఊరి పేరు చార్లెస్‌టౌన్, జట్టు పేరు చీఫ్స్. ఊళ్లో మిల్లు మూతపడుతుంది, దాంతో జట్టూ మూతపడే స్థితికి వస్తుంది. సినిమా 1977 ఫిబ్రవరిలో విడుదలైంది.

1977 అంటే మనకు నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గుర్తుకొస్తుంది. అదే సంవత్సరం జులై 19 రాత్రి జాన్స్‌టౌన్ మీద పన్నెండు అంగుళాల దాకా వాన కురిసింది. ఎగువన ఆరు ఆనకట్టలు తెగాయి. 80 మందికి పైగా చనిపోయారు. వరద రాని ఊరన్న మాట ఆ రాత్రితో పోయింది. అప్పటికే కుంటుతున్న మిల్లులు బాగా దెబ్బతిని, వేలమందికి పని పోయింది. జెట్స్ ఆడుతున్న లీగ్ కూడా ఆ ఏడాదే కూలిపోయింది. ఇక జెట్స్ మళ్లీ ఆడలేదు. సినిమాలో చూపించింది కొద్ది నెలల్లోనే నిజమైంది.

1983లో నిరుద్యోగం అమెరికాలోకెల్లా ఎక్కువ ఉన్న ఊరు జాన్స్‌టౌన్. పని కావాలనేవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. అలాంటి ఊళ్లో మధ్యలో ఒక జట్టు వచ్చి, ఒకటి రెండేళ్లలోనే వెళ్లిపోయింది. చివరికి 1988 జనవరిలో కొత్త జట్టు నిలబడింది. దానికి సినిమాలోని చీఫ్స్ పేరే పెట్టుకున్నారు. 1992లో బెత్లెహెం స్టీల్ ఆ ఊళ్లో పని ముగించింది. ఆ ఏడాది ఆగస్టు 1నే ప్రధాని పి.వి. నరసింహారావు గారు మన ప్లాంటును జాతికి అంకితం చేశారు. మనం కొత్త బట్టలు కట్టుకుని సభకు వెళ్లిన సంవత్సరంలో వాళ్లు గేటు దాటి ఇళ్లకు వెళ్లారు.

2001లో బెత్లెహెం స్టీల్ దివాలా తీసింది. 2002 డిసెంబరులో, 1974 చట్టం కింద ఏర్పడిన ప్రభుత్వ పెన్షన్ బీమా సంస్థ వారి పెన్షన్ల బాధ్యత తీసుకుంది. ఆ చట్టం లేకపోతే ఆ ముసలివాళ్ల గతి ఏమయ్యేదో! వైద్య బీమాకు మాత్రం అలాంటి రక్షణ లేదు. 2003 మార్చి 31తో కంపెనీ ఇచ్చే ఆ సదుపాయం ఆగిపోయింది. పెద్దాయన ఈ సంగతి చెబుతున్నప్పుడు మాత్రం హాకీ ఊసెత్తలేదు. చేతికర్ర వైపు చూస్తూ కాసేపు మాట్లాడకుండా ఉండిపోయారు.

చీఫ్స్ 2010 వరకు ఆడింది. ఆ లీగ్‌ను ప్రారంభించిన ఐదు జట్లలో పుట్టిన ఊళ్లోనే చివరిదాకా ఉన్నది అదొక్కటే. తరువాత అదీ దక్షిణాన గ్రీన్‌విల్‌కు తరలిపోయింది. అయినా 2015లో, హాకీని ప్రేమించే ఊరేదని దేశమంతటా ఓట్లు పెడితే జాన్స్‌టౌన్ గెలిచింది. అరీనా బాగుకు లక్షన్నర డాలర్లు, ఒక పెద్ద లీగ్ మ్యాచ్ బహుమతిగా వచ్చాయి. మిల్లు లేదు, జెట్స్ లేదు, చీఫ్స్ లేదు, కాని ఓటు వేసే మనుషులు ఉన్నారు. ఈ సంగతి చెప్పేటప్పుడు పెద్దాయన ముఖం మళ్లీ వెలిగింది.

తిరిగి వచ్చాక నాకు ఒక్కటే ఆలోచన. వారి జట్టు కథ నిలవడానికి కారణం ఒక సినిమా, స్కోర్లు దాచుకున్న అభిమానులు, బెంచీ మీద కూర్చుని చెప్పే పెద్దలు. మన కాలనీ గ్రౌండులో ఆడిన డిపార్ట్‌మెంట్ జట్లలో ఎవరెవరు ఉండేవారు? ఏ ఏడు ఎవరు గెలిచారు? మన పిల్లలకు తెలియదు, మనకూ సగం మరుపే. మీ బీరువాల్లో పాత ఫొటోలు, స్కోరు పుస్తకాలు ఉంటే దయచేసి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. ఫొటో వెనక పేర్లు మాత్రం ఇప్పుడే రాయండి. ఆ పేర్లు తెలిసినవాళ్లం ఇంకా ఉన్నాం.