శాసనపఠనమున సామ్యవిచారము: అతిదేశము, ఊహ, బాధము

మీమాంసాశాస్త్రమున ప్రకృతి, వికృతి అను రెండు పదములు కలవు. ఏ కర్మ యొక్క అంగములన్నియు సమగ్రముగా విధింపబడినవో అది ప్రకృతి. ఏ కర్మకు ప్రధానవిధి మాత్రమే యుండి అంగములు చెప్పబడలేదో అది వికృతి. వికృతిని నిర్వహింపవలసినవాడు దానికి సదృశమైన ప్రకృతిని గుర్తించి, అందలి అంగములను ఇచటికి తెచ్చుకొనవలెను. ఈ తెచ్చుకొనుటకే అతిదేశమని పేరు. జైమిని తన సూత్రములందు ఏడవ, ఎనిమిదవ అధ్యాయములను దీనికి వినియోగించెను. అంతటితో ఆయన నిలువలేదు. తొమ్మిదవ అధ్యాయమున ఊహను, పదవ అధ్యాయమున బాధమును విచారించెను. అగ్నికి ఉద్దేశింపబడిన మంత్రమును సూర్యదేవతాకమైన చరువునకు తెచ్చినప్పుడు అగ్నిపదమును తీసి సూర్యపదమును చేర్చుట ఊహ. ధాన్యమునకు విహితమైన దంపుడును, బంగారు గింజలతో చేయు కృష్ణలచరువునందు పొట్టు లేదు గనుక, మానుట బాధము.

నాలుగధ్యాయములలో రెండు తెచ్చుకొనుటకును, తక్కిన రెండు మార్చుకొనుటకును మానుకొనుటకును వెచ్చింపబడుట గమనింపదగినది. పూర్వదృష్టాంతమునుబట్టి నూతన సమస్యను పరిష్కరించు ప్రతి విద్యకును ఈ విభాగము చక్కగా అన్వయించును. శాసనలిపి పరిశోధనకు మీమాంసతో చారిత్రకసంబంధము లేదు. లిపిని ఛేదించినవారు జైమినిని అనుసరించిరని చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. కాని వారి జయాపజయములను కొలుచుటకు ఈ మూడు మాటలకంటె అనువైన కొలబద్దలు దుర్లభములు. తెలుగు భాషాచరిత్రకు ఆధారములైన శాసనములను ఈ దృష్టితో పరిశీలించుట ప్రస్తుతము.

బ్రాహ్మీలిపి వృత్తాంతము మొదట స్మరింపవలెను. అశోకుని స్తంభములమీది అక్షరములు పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున ఎవరికిని బోధపడకుండెను. 1836లో లాసెన్ అను పండితుడు అగథాక్లిస్ అను యవనరాజు నాణెముమీద ఒకవైపున గ్రీకులిపిలో నున్న పేరు ఆధారముగా, రెండవవైపునగల బ్రాహ్మీ అక్షరములను చదివెను. 1837లో కలకత్తానుండి జేమ్స్ ప్రిన్సెప్ మరియొక మార్గము పట్టెను. కాప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ సాంచీస్తూపముయొక్క ప్రాకారముమీది చిన్న చిన్న వ్రాతలకు ప్రతులు తీసి పంపెను. అవి పెక్కులు ఒకే రెండక్షరములతో ముగియుట ప్రిన్సెప్ కంటబడెను. వేరువేరు స్థలములందు వేరువేరుగా చెక్కబడిన వ్రాతలు ఒకేమాటతో ముగియుటకు కారణమేమి? బర్మాదేశపు బౌద్ధాలయములలో భక్తులు సమర్పించిన ధ్వజములమీద, ప్రతిమలమీద దాతల పేర్లుండు ఆచారము ఆయనకు తెలిసియుండెను. సాంచీవ్రాతలును దానలేఖములే కావచ్చునని ఆయన తలంచెను. అట్లయినచో ఆ తుదిమాట 'దానం' కావలెను. సౌరాష్ట్రపు నాణెములమీద షష్ఠీవిభక్తిగా తాను గుర్తించియున్న సకారము ఆ మాటకు ముందు పలుచోట్ల కానవచ్చెను. అనగా, ఫలానివారి యొక్క దానమని అర్థము.

ఇందు రెండు పూర్వదృష్టాంతములు కలిసి పనిచేసినవి. బర్మా ఆచారము వ్రాతయొక్క ప్రయోజనమును తెలిపినది. నాణెములు విభక్తిని తెలిపినవి. మొదటిది మాత్రమే యున్నచో అది ఊహాగానముగా నిలిచెడిది. రెండవది మాత్రమే యున్నచో ఒక అక్షరముతో ఆగిపోయెడిది. ఒకదానికొకటి సంబంధములేని రెండు సామ్యములు ఒకే పఠనమునకు దారితీయుటచే ఆ పఠనము బలపడినది. దకార నకారములు తెలియుటతో తక్కిన అక్షరములును తేలి, ఢిల్లీ, అలహాబాదు స్తంభలేఖములు చదువుటకు వీలయ్యెను. ఒకచోట కుదిరిన అక్షరవిలువలు వేరొకచోట అర్థవంతములైన వాక్యముల నిచ్చుటయే ఆ పఠనమునకు అసలైన పరీక్ష.

అదే సంవత్సరమున అదే పండితుడు అదే పద్ధతిచే పొరపడెను. శాసనకర్త 'దేవానాంపియ పియదసి' అని తన్ను పేర్కొనుచున్నాడు. దేవానాంపియ బిరుదముగల రాజొకడు అంతకుముందే తెలిసియుండెను. సింహళమున మహావంశమునందు ప్రసిద్ధుడైన తిస్సుడే అతడు. కనుక స్తంభలేఖములు తిస్సునివని ప్రిన్సెప్ మొదట భావించెను. బిరుదసామ్యము సత్యమే. బౌద్ధాభిమానమును సమానమే. కాని సింహళరాజు శాసనములు ఉత్తరభారతమున ఇన్నిచోట్ల వెలయుట ఎట్లను ప్రశ్న ఆ సామ్యము మాటున మరుగుపడెను. సింహళముననే యున్న జార్జి టర్నర్ దీపవంశమును పరిశీలించి, చంద్రగుప్తుని పౌత్రుడు, బిందుసారుని పుత్రుడు అగు అశోకునకే పియదస్సి యను నామాంతరము కలదని తెలిపెను. ప్రిన్సెప్ ఆ సవరణను అంగీకరించెను. 1915లో, నాటి హైదరాబాదు సంస్థానమునకును నేటి కర్ణాటకమునకును చెందిన మస్కిలో, అశోకనామము స్పష్టముగాగల శాసనము బయటపడి ఆ నిర్ణయమును స్థిరపరచెను. ఇది బాధమునకు ఉదాహరణము. బిరుదము అతిదేశమునకు చాలదు. బిరుదము పలువురకు ఉండవచ్చును. వంశము, దేశము ఒక్కనికే చెల్లును.

ఊహకు ఉదాహరణములు ఆంధ్రదేశముననే కలవు. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి లఘుశిలాశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును వ్రాయబడినవి. ఆ వరుసయు ఒక నియమమును పాటింపదు. ఆ శాసనము ఒంటరిగా దొరికియున్నచో దానిని చదువుట దుష్కరమయ్యెడిది. బ్రహ్మగిరి, మస్కి, రూపనాథము మున్నగుచోట్ల అదే శాసనముయొక్క పాఠములు అప్పటికే తెలిసియుండుటచే పంక్తుల దిశ నిర్ణయింపబడెను. కాని బ్రహ్మగిరి పాఠమున లేని వాక్యములును ఎఱ్ఱగుడిలో కలవు. పూర్వపాఠమున లేవను కారణముచే వీనిని లేఖకుని ప్రమాదములని త్రోసివేసియున్నచో, అశోకుని ఆజ్ఞలో కొంతభాగమును మనము కోల్పోయెడివారము. పూర్వదృష్టాంతము చదువుటకు ఊతగా నిలువవలెనే కాని, చదువబడుదానికి హద్దు కారాదు.

నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు దీనికంటెను బోధకమైనది. 1892లో అలెగ్జాండర్ రీ అచటి స్తూపమును త్రవ్వించినపుడు మూడు ధాతుమంజూషికలు దొరకెను. వానిమీది వ్రాతలను బ్యూలర్ చదివి 1894లో ప్రకటించెను. అవి బ్రాహ్మీ అక్షరములవలెనే కనబడును. కాని మకారము తలక్రిందులుగా నున్నది. ఘకారము అశోకలిపిలోని ఘకారము కాక, గకారమునుండి కల్పింపబడినది. అక్షరముల ఆకృతిభేదమునకంటె స్వరసంకేతముల భేదము ముఖ్యమైనది. అశోకలిపిలో ఏ గుర్తునులేని హల్లు అకారముతో కూడియుండును. కుడివైపునకు ఒక అడ్డుగీత చేర్చిన అది దీర్ఘమగును. ఈ నియమమునే భట్టిప్రోలునకు అతిదేశించి చదివినచో, హ్రస్వముండవలసిన తావులందును ఆకారములే నిండును. కుబిరకుడను రాజునామము 'కుబిరాకా' యగును. ప్రాకృతమున నిలువని ఇట్టి రూపములు అడుగడుగున వచ్చుట లేఖకుల అజ్ఞానమనవచ్చును, లేదా నియమమే వేరనవచ్చును. బ్యూలర్ రెండవదానిని గ్రహించెను. ఇచట అడ్డుగీత అకారమునకే గుర్తు. దీర్ఘమునకు ఆ గీత మరికొంత వంగును. ఏ గుర్తునులేని అక్షరము స్వరహీనమైన పొల్లు.

ఈ సవరణ అశోకలిపిజ్ఞానము లేనిచో సాధ్యము కాదు. దానినే విడువక పట్టుకొన్నచో అదియును సాధ్యము కాదు. పూర్వనియమమును అన్వయించి, అది ఎచట విఫలమగుచున్నదో లెక్కించి, వైఫల్యములన్నియు ఒకే తీరుననున్నవని గుర్తించుటచే క్రొత్త నియమము లభించెను. చెదరుగానున్న దోషములు లేఖకునివి. ఒకే తీరున వచ్చు దోషములు పాఠకుని నియమమునకు సంబంధించినవి. శాసనపరిశోధకులకు ఇంతకంటె ఉపయోగకరమైన సూత్రము అరుదు. ఇట్లు పరిష్కృతమైన భట్టిప్రోలు సమస్య తరువాతివారికి తానే ప్రకృతి యయ్యెను. తమిళదేశపు గుహాలేఖములలోని స్వరసంకేతములను విచారించినవారు భట్టిప్రోలు పద్ధతిని పోల్చి చూచిరి.

ఇక మన భాషాచరిత్రకు సూటిగా సంబంధించిన 'నాగబు' విషయము. అమరావతీస్తూపపు శిలాశకలమొకదానిపై ఈ మూడక్షరములను వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించి, ఇది తెలుగు పదమని ప్రతిపాదించిరి. సంస్కృత నాగశబ్దమునకు తెలుగు ప్రథమావిభక్తి చేరి 'నాగంబు' అయినట్లు దీనిని గ్రహింపవలెను. వృక్షంబు, ధనంబు మున్నగు రూపములు ఇందుకు ప్రకృతి. సామ్యము మనోహరముగా నున్నది. అది నిలిచినచో తెలుగు వ్రాత చరిత్ర క్రీస్తుశకారంభప్రాంతమునకు చేరును. కాని అదే స్తూపమునందు మరియొక ప్రకృతి సిద్ధముగా నున్నది. అమరావతి శాసనములు ప్రాకృతములు. అందలి దాతల నామములలో నాగశబ్దముతో మొదలగునవియు, బుద్ధశబ్దసంబంధము కలవియు విరివిగా నున్నవి. విరిగిన రాతిపై మిగిలిన 'నాగబు' అట్టి ప్రాకృతనామముయొక్క పూర్వభాగము కావచ్చును.

రెండు ప్రకృతులు పోటీపడినపుడు దేనిని గ్రహింపవలెను? వికృతికి ఏది సన్నిహితమో దానినే. ప్రాకృతనామములు అదే స్థలమునకు, అదే కాలమునకు, అదే జాతి లేఖములకు చెందినవి. '-ంబు' రూపములు శతాబ్దుల తరువాతి గ్రంథములవి. అంతమాత్రమున 'నాగబు' తెలుగు కాదని సిద్ధాంతీకరింపరాదు. ఆ కాలమున ఈ దేశమున తెలుగు వ్యవహారమున లేదనుటయు కాదు. ఈ ఒక్క శకలముపై మాత్రము నిశ్చయము నిలువదు. ప్రిన్సెప్‌నకు ఒకే ముగింపుగల వ్రాతలు పెక్కులు కలవు. బ్యూలర్‌నకు ఒకే తీరున వచ్చు వైఫల్యములు పెక్కులు కలవు. మనకు ఉన్నది విరిగిన ఒక్క మాట. పరీక్షించుటకు రెండవ స్థలము లేనపుడు సామ్యము సూచనగానే యుండును.

కడప మండలమునందలి కలమళ్ళ శాసనముతో పోల్చినచో ఈ భేదము తేటపడును. అదియును శిథిలమే. అయినను రేనాటి చోడుల బిరుదము, ప్రాంతనామము, తెలుగు పదములు అందు పరస్పరసంబంధముతో కానవచ్చును. సమీపప్రాంతమునందలి ఎఱ్ఱగుడిపాడు మున్నగు శాసనములతో వానిని సరిచూచుకొనవచ్చును. క్రీ.శ. 575 ప్రాంతమునదిగా ఎంచబడుచున్న ఆ శాసనమును తెలుగు శాసనములలో మొదటిదిగా పరిగణించుటకు బలము దాని ప్రాచీనతలో మాత్రమే లేదు. సరిచూచుకొనుటకు తావు కలిగియుండుటలో కలదు.

2008లో తెలుగునకు ప్రాచీనభాషగా ప్రభుత్వపు గుర్తింపు లభించిన తరువాత భాషాప్రాచీనతపై ఆసక్తి ప్రబలినది. ఆసక్తి మంచిదే. కాని భాషాభిమానము మనకు ఇష్టమైన ప్రకృతినే ముందుగా చూపును. అందుచే విద్యార్థులు ఏ పదమునకైనను పూర్వదృష్టాంతమును చూపినపుడు, ఎచట పోలుచున్నదో వ్రాసిన పుటయందే ఎచట పోలదో కూడ వ్రాయుట అలవరచుకొనవలెను. పోటీపడు రెండవ దృష్టాంతమును వెదకి దానిని మొదటిదానికి ప్రక్కన నిలుపవలెను. అతిదేశమునకు రెండధ్యాయములు చాలినవి. ఊహకును బాధమునకును మరి రెండు కావలసివచ్చినవి. పరిశోధకుని శ్రమయు ఆ ప్రమాణముననే పంచబడుట యుక్తము.