సవరల బడి పంతులు

ఆగస్టు 29 అనగానే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని తలుచుకుంటాం. ఆ రోజే తెలుగు భాషా దినోత్సవం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసిందే. అయితే ఆయన అంతకు చాలా ముందే మరో భాష కోసం నడుం కట్టారు. అది తెలుగు కాదు, తెలుగుకు చుట్టం కూడా కాదు.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఇప్పుడది ఒడిశాలోని గజపతి జిల్లా. ఊరి చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలు. సంతకు దిగివచ్చే సవరలలో చాలామందికి తెలుగు రాదు. షావుకార్లకూ, కచేరీ ఉద్యోగులకూ సవర రాదు. లెక్కలోనూ కాగితంలోనూ మోసపోయేది ఎవరో వేరే చెప్పాలా!

తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని పంతులుగారు ఆ భాష నేర్చుకున్నారు. సవర సంతాలీ, ముండారీ భాషల కుటుంబానికి చెందినది. అప్పటికి దానికి సొంత లిపి లేదు. ఆయన వాచకాలు రాశారు, కథలూ పాటలూ సేకరించారు, సొంత డబ్బుతో బడులు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారట. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ధ్వనులను పట్టి రాసే మనిషికి చెవులు పోవడమంటే ఏమిటో ఊహించండి. అయినా సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

ఇంట్లో మాట్లాడే మాటతోనే చదువు మొదలవ్వాలన్న పట్టుదల ఆయనకు సవర బడుల్లోనే గట్టిపడిందని, తర్వాత దాన్నే తెలుగు పిల్లల కోసం వాదించారని నా నమ్మకం.

దోహాలో మన పిల్లలకు తెలుగు ఎలా నిలుస్తుందా అని మనం మథనపడుతుంటాం. ఆ బెంగ ఈ దేశానికీ ఉంది. 2004లో మొదలైన సంస్కరణలతో ఖతార్ బడుల్లో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోకి మారాయి. 2012లో మళ్ళీ అరబ్బీకి తెచ్చారు. మన పిల్లలకు ఇంగ్లీషు ఎలాంటిదో, ఆ కొండల్లోని సవర పిల్లవాడికి మన తెలుగు అలాంటిది. మనం తేలిగ్గా మరిచిపోయే సంగతి ఇదే. తెలుగు పంతులై ఉండి గిడుగు దాన్ని మరవలేదు.

1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలన్న 350ఏ అధికరణం 1956లో రాజ్యాంగంలో చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టింది 2004లో. అందులో సవర ఒకటి. అప్పటికి పంతులుగారు పోయి 64 ఏళ్ళు.