ఉప్పు నుంచి సముద్రం తిరిగొస్తుందా?

1909లో మద్రాసు మెరీనా ఒడ్డున ఒక అక్వేరియం తెరిచారు. మన దేశంలో జనం చూడ్డానికి కట్టిన మొదటి అక్వేరియం అదే. దాని వెనకున్న ఆలోచన మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా చాలాకాలం పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్‌ది. దక్షిణ భారతదేశపు కులాలనీ తెగలనీ ఏడు సంపుటాల్లోకి ఎక్కించిన థర్‌స్టనే. ఆ సంపుటాలు కూడా అదే ఏడు అచ్చయ్యాయి. మనుషుల్నీ చేపల్నీ వరసగా పేర్చి, చీటీలు అంటించి చూసుకోవడం ఆ కాలపు ప్రభుత్వానికి ఇష్టమైన పని.

ఆ అద్దాల వెనక ఉన్న నీళ్ళు మద్రాసు సముద్రపు నీళ్ళే. టికెట్టు కొని ఎంతసేపైనా చూడొచ్చు. కానీ అవే నీళ్ళు ఒక కుండలో ఇంటికి తెచ్చుకుని, పొయ్యి మీద కాచి, అడుగున మిగిలిన ఉప్పు కూరలో వేసుకుంటే మాత్రం నేరం. ఉప్పు మీద పెత్తనం సర్కారుది. సముద్రానికి దూరంగా ఉండే మన సీమ ఊళ్ళలో చవుడు మట్టి కడిగి ఉప్పు తీసేవాళ్ళు. వాళ్ళ పనినీ ఇదే చట్టం అణిచేసింది. 1930లో మద్రాసులో టంగుటూరి ప్రకాశం, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు, దుర్గాబాయి ముందుండి నడిపిన ఉప్పు సత్యాగ్రహం చేసిందల్లా ఆ కుండ పొయ్యి మీద పెట్టడమే. సముద్రంలోంచి ఉప్పు తీయడం అప్పుడు తిరుగుబాటు.

నేను చేసే పని దానికి తలకిందులు. సత్యవేడులో, సముద్రం కనిపించని ఇంట్లో కూర్చుని, ఉప్పులోంచి సముద్రం తీయాలని చూస్తుంటాను. ఇంట్లో వంద లీటర్ల గాజుతొట్టి ఉంది. అందులో రెండు క్లౌన్ చేపలు. వారానికి పది లీటర్ల పాత నీళ్ళు తీసేసి, పది లీటర్ల కొత్త ఉప్పునీళ్ళు పోయాలి. చేప తిన్నదీ విసర్జించిందీ అంతా చివరికి నైట్రేటుగా మారి ఆ నీళ్ళలోనే పేరుకుంటుంది. సముద్రంలో అయితే అది ఎటో కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎటూ పోదు, మనమే తీయాలి.

ఒకరోజు పక్కింటి అత్త చూసి, "ఏంది నాయినా, సముద్రం కూతవేటు దూరంలో పెట్టుకోని ఇంట్లో ఉప్పునీళ్ళు కలపతా ఉండావు?" అనింది. మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే లండన్ దాకా పోయి రావాలి.

1846లో ఆనా థిన్ అనే ఆవిడ టోర్కీ తీరంలో దొరికిన పగడపు జీవుల్ని ఒక రాతి జాడీలో పెట్టుకుని లండన్ తెచ్చుకుంది. తీరం నుంచి సముద్రపు నీళ్ళు తెప్పించుకునేది. కొత్త నీళ్ళు రాని రోజుల్లో, ఉన్న నీళ్ళనే ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, తెరిచిన కిటికీ ముందు, ముప్పావుగంట దాకా పోయించేది. పోసింది ఆవిడ కాదు, ఇంట్లో పనిమనిషి. నీళ్ళలోకి గాలి ఎక్కించే పంపు అప్పటికి లేదు కాబట్టి ఆ పంపు ఒక మనిషి చెయ్యి. ఆనా థిన్ పేరు చరిత్రలో మిగిలింది. ఆ పనిమనిషి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. మా ఊళ్ళో కరెంటు పోయి మోటారు ఆగినప్పుడల్లా నేను మగ్గుతో నీళ్ళు ఎత్తిపోస్తూ ఆవిడనే తలుచుకుంటాను.

1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటేడు ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం వేశాడు. ఆ మాట జనం నోట నిలిచింది దాంతోనే. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళ సంగతేమిటని ఆలోచించి, బ్రైటన్ దగ్గరి సముద్రపు నీళ్ళ రసాయన విశ్లేషణ ముందుపెట్టుకుని ఒక వంటకం తయారుచేశాడు. మామూలు ఉప్పు, ఎప్సమ్ సాల్టు, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు: నాలుగే సరుకులు. మిగతా మూలకాలు కొద్దిపాటివేనని వదిలేశాడు. కలిపిన నీళ్ళలో ముందు సముద్రపు నాచు వేసి, అవి స్థిరపడ్డాకే జీవాల్ని వదలమన్నాడు.

ఈ వంటకం ఎక్కడైనా పనిచేస్తుందన్న నమ్మకానికి ఆధారం తరవాత దొరికింది. ఛాలెంజర్ ఓడ 1872 నుంచి 1876 దాకా ప్రపంచం చుట్టి నీళ్ళు పట్టుకొచ్చింది. విలియం డిట్‌మార్ వాటిలో 77 నమూనాలు పరీక్షించి 1884లో ఫలితాలు అచ్చువేశాడు. మహాసముద్రాల్లో ఉప్పదనం చోటుని బట్టి ఎక్కువ తక్కువలవుతుంది గానీ, ప్రధాన లవణాల మధ్య నిష్పత్తి దాదాపు మారదు. 1865లో ఫోర్క్‌హామర్ చెప్పిందీ ఇదే. ఎక్కడి సముద్రమైనా ఒకటే వంట, నీళ్ళ పాళ్ళే తేడా. 1960ల్లో అమెరికాలో అమ్మకానికొచ్చిన 'ఇన్‌స్టెంట్ ఓషన్' లాంటి పొడులన్నీ ఈ ఒక్క సత్యం మీద నిలబడ్డవే.

మరి కిరాణాకొట్లో కల్లుప్పు తెచ్చి కలిపితే సరిపోదా? సరిపోదు. దాని కారణం ఉప్పుమడిలోనే ఉంది. సముద్రపు నీళ్ళు మడిలో ఎండేటప్పుడు అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. ముందు సున్నం, ఆ తరవాత జిప్సం దిగుతాయి. ఆ పైన మనం తినే ఉప్పు. మెగ్నీషియం ఎక్కువగా చివర మిగిలే చేదు నీళ్ళలో ఉండిపోతుంది. ఆ నీళ్ళని రైతు బయటికి వదిలేస్తాడు. లేకపోతే ఉప్పు చేదెక్కుతుంది. అంటే మన వంటింటి ఉప్పు సముద్రంలో ముప్పావు వంతుకి కాస్త పైన ఉండే ఒక్క భాగం మాత్రమే. దాన్ని ఎన్ని నీళ్ళలో కరిగించినా సముద్రం తిరిగిరాదు.

ఇక అత్త అడిగిన అసలు ప్రశ్న. మా ఊరికి దగ్గరగా, తడ అవతల ఉన్నది సముద్రం కాదు, పులికాట్ సరస్సు. అక్కడి నీళ్ళు వానాకాలంలో ఏటినీళ్ళు కలిసి చప్పబడతాయి. ఎండాకాలంలో సముద్రాన్ని మించి ఉప్పెక్కుతాయి. అక్కడి చేపలూ రొయ్యలూ ఆ మార్పుకి అలవాటు పడ్డవే, పగడపు దిబ్బల్లో పుట్టే క్లౌన్ చేప కాదు. సరస్సు దాటి అసలు సముద్రం దగ్గరికే పోయి తెచ్చుకున్నా, ఆ నీళ్ళు బతికున్న నీళ్ళు. కంటికి కనిపించని జీవాలు డబ్బాలో చచ్చి కుళ్ళుతాయి. అందుకే సహజమైన నీళ్ళని వడగట్టి, మూతపెట్టి, చీకట్లో కొన్ని వారాలు నిలవబెట్టాలి. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ఈ కిటుకు బాగా ఎరిగినవాడు. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో, జనం చూసే తొట్ల కంటే ఎన్నో రెట్లు పెద్దదైన చీకటి గుంటని నేల కింద కట్టించాడు. నీళ్ళు పైకీ కిందికీ ఆగకుండా తిరిగేవి. బయటికి కనిపించే సముద్రం కొంచెం, దాన్ని నిలబెట్టే సముద్రం నేల కింద.

నా చీకటి గుంట ఒక నీలం డ్రమ్ము. తినే సరుకులు నిలవచేసే రకం ప్లాస్టిక్‌ది, మూత గట్టిది. మా బోరునీళ్ళు గట్టినీళ్ళు, అందుకని ముందు ఆర్వోలో పట్టాలి. లీటరుకి 35 నుంచి 38 గ్రాముల పొడి, సంచి మీద రాసిన లెక్క ప్రకారం. నీళ్ళలోకి పొడి వెయ్యాలి గానీ పొడి మీద నీళ్ళు పోయకూడదు. పోస్తే కాల్షియం, కార్బొనేటు చిక్కగా తగులుకుని సున్నంలా పేరుకుంటాయి, మళ్ళీ సరిగ్గా కరగవు. చిన్న మోటారుతో ఒక రాత్రంతా తిప్పి, రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర ఉండాలి. పోసేముందు వేడి కూడా తొట్టితో సమానంగా ఉండాలి. తొట్టిలో ఆవిరై తగ్గిన నీళ్ళ బదులు మంచినీళ్ళే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు.

ఇదంతా సరదాగానే ఉంటుంది. కానీ ఆర్వో ఇచ్చే ప్రతి లీటరుకీ రెండు మూడు లీటర్లు వదిలేస్తుంది. బోర్లు ఎండే సీమలో రెండు చేపల కోసం అన్ని నీళ్ళా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ నీళ్ళు అంట్లకీ బాత్‌రూముకీ పోతాయి, అయినా ప్రశ్న అలాగే ఉంది.

దానికంటే పెద్ద ప్రశ్న గాస్ కొడుకు వేశాడు. తండ్రి పుస్తకాలు చదివిన జనం ఇంగ్లండు తీరాల మీద పడి, రాళ్ళ మధ్య మడుగుల్ని ఊడ్చేశారు. ఎడ్మండ్ గాస్ 1907లో రాసిన 'ఫాదర్ అండ్ సన్'లో ఆ నాశనాన్ని తల్చుకుని బాధపడ్డాడు. సముద్రాన్ని ప్రేమించడం నేర్పిన పుస్తకమే ఒడ్డుని ఖాళీ చేయించింది. సముద్రపు నీళ్ళు ఇంట్లోనే తయారుచేసుకోవడం వచ్చింది గానీ, అందులో వేసే జీవాల్ని తయారుచేసుకోవడం అప్పట్లో ఎవరికీ రాలేదు.

మన దగ్గర ఆ గీత చట్టమే గీసింది. గట్టి పగడాలనీ సముద్రపు గుర్రాలనీ 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆనా థిన్ జాడీలో తెచ్చుకున్నది ఈ రోజు సత్యవేడులో పెంచితే జైలే. నాకది సబబుగానే అనిపిస్తుంది. 1930లో కుండెడు ఉప్పు మీద వేసిన నిషేధం జనం నోటి దగ్గరిది లాక్కున్నది. ఈ నిషేధం సముద్రం నోటి దగ్గరిది లాక్కోవద్దంటున్నది. క్లౌన్ చేపలు మాత్రం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన దేశంలోనే తొట్లలో గుడ్లు పెట్టించి పెంచడం సాధించిన రకం. దిబ్బ నుంచి పట్టినవి కాక, తొట్టిలో పుట్టినవి అడిగి కొనొచ్చు. అడగాల్సింది మనమే.

కాబట్టి అత్తకి నా జవాబు ఇది: సముద్రం దగ్గరే ఉంది, దాన్ని అక్కడే ఉండనిద్దామని కలుపుతున్నాను. డ్రమ్ములో తిరిగేది సముద్రం కాదు, సముద్రం గురించి రెండు వందల ఏళ్ళుగా మనుషులు తెలుసుకున్నదాంట్లో ఒక పిడికెడు. అది కరగడానికి ఒక రాత్రి పడుతుంది.