ముస్లిహ్: మందుల పొత్తును గురించి మన వైద్యుల విచారణ

మందు వ్యాధిని పోగొట్టుతుందని అందరూ ఎరుగుదురు. ఒక మందు పక్కన మరొక మందు గాని, ఒక ఆహార పదార్థం గాని చేరినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం కొద్దిమందికే తోస్తుంది. ఇది ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగశాలల్లో పుట్టిన ప్రశ్న అని పలువురి అభిప్రాయం. కాని ఇస్లామీయ నాగరికతకు చెందిన వైద్యులు వెయ్యేండ్ల క్రితమే దీనిని శాస్త్రంలో ఒక విభాగంగా నిలిపారు. వారు అడిగినదేమిటో, దానికి నేటి శాస్త్రం చేర్చినదేమిటో తెలుసుకోవడం చరిత్ర కోసమే గాక మన ఇండ్లలోని రోగుల కోసం కూడా అవసరం.

దైవప్రవక్త (స) పుచ్చకాయను పండు ఖర్జూరాలతో కలిపి తినేవారనీ, ఒకదాని వేడిని మరొకదాని చలువ విరుస్తుందని చెప్పేవారనీ హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖనం అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. జబ్బు నుంచి అప్పుడే కోలుకుంటున్న హజ్రత్ అలీ (ర) ఖర్జూరాలు తినబోగా ఆయన (స) వారించి, ఉమ్ముల్ ముంజిర్ (ర) బార్లీతోను, ఒక ఆకుకూరతోను వండి తెచ్చిన వంటకం తినమన్నారు. ఆరోగ్యవంతునికి మేలు చేసే ఆహారమే రోగికి తగకపోవచ్చునని ఈ సంఘటన తెలుపుతున్నది. మనం పథ్యమనీ, ఉర్దూలో పర్‌హేజ్ అనీ పిలిచే దానికి ఇదే ఆధారం.

ఈ దృష్టిని వైద్యులు శాస్త్రంగా పెంచారు. క్రీ.శ. 925లో మరణించిన అబూ బకర్ అర్ రాజీ ఆహార పదార్థాల ప్రయోజనాలను, వాటి కీడును తొలగించే విధానాన్ని తెలుపుతూ ఒక ప్రత్యేక గ్రంథమే రచించాడు. పదకొండవ శతాబ్దంలో బగ్దాదుకు చెందిన క్రైస్తవ వైద్యుడు ఇబ్న్ బుత్లాన్ ప్రతి ఆహారానికి స్వభావం, మేలు, కీడు, కీడుకు విరుగుడు అనే వివరాలను పట్టికలుగా కూర్చాడు. ఆ శతాబ్దంలోనే ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్ రెండవ భాగాన్ని ఏకౌషధాలకు, అయిదవ భాగాన్ని మిశ్రమౌషధాలకు కేటాయించాడు.

మందును పరీక్షించడానికి ఇబ్న్ సీనా ఏడు నియమాలు పెట్టాడు. ఒకే వ్యాధి ఉన్న రోగిపై పరీక్షించాలి గాని పలు వ్యాధులు కలిసిన వానిపై కాదన్నది వాటిలో ఒకటి. పలు వ్యాధులు కలిసినచోట ఏది దేని ఫలితమో తేలదు గదా! మిశ్రమౌషధానికి దాని భాగాల గుణాలేగాక, మొత్తం కలయిక వలన ఏర్పడే గుణం కూడా ఒకటి ఉంటుందని ఆయన వివరించాడు. అంటే విడివిడిగా మంచివైన రెండు మందులు కలిసినప్పుడు కూడా మంచివే అవుతాయని ముందుగా నిర్ణయించరాదు.

యునానీ నిఘంటువులలో ప్రతి మందు కింద దాని ముజిర్, అంటే కీడు, దానికి ముస్లిహ్, అంటే ఆ కీడును సరిదిద్దే పదార్థం, పేర్కొనడం ఆనవాయితీ. మందును శరీరంలో చేరవలసిన చోటికి చేర్చే తోడును బద్రఖా అంటారు. మన ఆయుర్వేదంలోని అనుపానం దీనికి దగ్గరి మాట. హైదరాబాదులోని నిజామియా తిబ్బీ కళాశాలలోను, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేర వెలసిన యునానీ వైద్య కళాశాలలోను బోధించే శాస్త్రపు వేళ్లు ఇక్కడే ఉన్నాయి.

అయితే పూర్వులు వేడి, చలువ అనే గుణాలతో చెప్పినదానికి నేటి శాస్త్రం రసాయనిక కారణాలు వెదికింది. 1920వ దశకంలో ఉత్తర అమెరికాలో పాడైన గడ్డి మేసిన పశువులు రక్తస్రావంతో చనిపోయాయి. ఆ గడ్డిలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థాన్ని కార్ల్ పాల్ లింక్ బృందం వేరుచేసింది. ఆ పరిశోధన నుంచే వార్ఫరిన్ వచ్చింది. 1950వ దశకం నుంచి అది మనుషులకు మందు అయింది. కె విటమిన్ దానికి విరుగుడు. మోతాదు మించినప్పుడు ఆ విటమినే ప్రాణం కాపాడుతుంది. కాని అదే విటమిన్ ఆకుకూరలలో పుష్కలంగా ఉన్నది. ఒక వారం అసలే తినక, మరుసటి వారం పూటపూటా తింటే మందు పట్టు తప్పుతుంది. సరిదిద్దే పదార్థమే అదను తప్పితే మందును చెరుపుతుంది. కనుక ముస్లిహ్ ఏదో తెలిస్తే చాలదు, ఎంతో, ఎప్పుడో కూడా తెలియాలి.

ఇటువంటివి మరికొన్ని ఉన్నాయి. టెట్రాసైక్లిన్‌ను పాలతో మింగితే పాలలోని కాల్షియం దానిని పట్టివేసి రక్తంలో చేరనివ్వదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉద్దీపింపజేసి ఇతర మందులను త్వరగా ఖర్చుచేయిస్తుంది. గర్భనిరోధక మాత్రలు దాని వలన విఫలమవుతున్నట్లు 1971లో జర్మనీలో గమనించారు. 1963లో బారీ బ్లాక్‌వెల్, మానసిక కుంగుబాటుకు ఇచ్చే ఒక తరహా మందులు వాడేవారు జున్ను తింటే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతున్నదని ప్రకటించాడు. పాశ్చాత్య దేశాలలో నిలవ ఉంచి ఊరబెట్టిన జున్ను అది. మన ఇండ్లలోని జున్నుపాల జున్ను కాదు.

ఇక మద్యం సంగతి. మద్యంతో మందు చేస్తానన్న తారిఖ్ బిన్ సువైద్ (ర)తో, అది మందు కాదు, వ్యాధి అని ప్రవక్త (స) అన్నట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. నిద్రమాత్రలతో మద్యం కలిస్తే శ్వాస మందగించి ప్రాణాపాయం కలుగవచ్చు. క్షయ మందులతో కలిస్తే కాలేయం చెడే ప్రమాదం పెరుగుతుంది. కొందరు ముస్లిములు తాగుతారు; సిగ్గుచేత ఆ మాట వైద్యునికి చెప్పరు. పాపాన్ని నలుగురిలో చాటుకోరాదన్నది వాస్తవమే. కాని చికిత్స చేసేవానికి చెప్పడం చాటుకోవడం కాదు. ప్రాణరక్షణ షరీఅత్ లక్ష్యాలలో ఒకటి.

సున్నిపెంటను ఉదాహరణగా తీసుకుందాం. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ప్రాజెక్టు పనులతో నల్లమల నడుమ పెరిగిన ఈ ఊరు, 2022లో కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరింది. ఇటువంటి ఊరిలో ఒక వృద్ధునికి గుండెకు కర్నూలు డాక్టరు ఒక చీటీ, చక్కెర వ్యాధికి మార్కాపురం డాక్టరు మరొక చీటీ రాసి ఉండవచ్చు. కీళ్లకు హకీం ఇచ్చిన మాజూన్, అడవి మూలికల కషాయం వాటికి తోడు కావచ్చు. ఎవరి మందు వారికి తెలుసు. అన్నీ చేరే దేహం మాత్రం ఒక్కటే. పైగా రమజాన్ వస్తే మింగే వేళలు మారుతాయి. చక్కెరను తగ్గించే కొన్ని మాత్రలు ఉపవాసంలో చక్కెరను మరీ పడగొట్టగలవు. మోతాదును ఉపవాసాలకు ముందే వైద్యునితో మార్పించుకోవాలి, లేదా రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపును స్వీకరించాలి.

వైద్యం ఎరుగకుండా వైద్యం చేసినవాడు కలిగిన నష్టానికి బాధ్యుడని హదీసు హెచ్చరిస్తున్నది. అయితే సగం మాటే విన్న వైద్యుడు ఎంత పండితుడైనా సగం ఎరిగినవాడే. కనుక మాత్రలు, మాజూన్లు, కషాయాలు అన్నింటినీ ఒక సంచిలో వేసి వైద్యుని ముందు పెట్టడం రోగి వంతు. ఏది దేనితో పొసగదో అడిగి చెప్పడం వైద్యుని వంతు. భయపడి తనంతట తాను మందు మానడం కూడా ప్రమాదమే. ముస్లిహ్ ఏదని అడగడం మన పూర్వులు మప్పిన అలవాటు. మందు చీటీ చేతికి వచ్చిన ప్రతిసారీ ఆ ప్రశ్న అడగడమే ఆ వారసత్వాన్ని నిలుపుకోవడం.