ఫొటోల సైజు తగ్గించే కమాండు వెనక కథ

మొన్నామధ్య అమ్మ ఫోన్ చేసి, "అమ్మమ్మ ఫొటో ఒకటి పెద్దది చేయించి పంపరా, హాల్లో పెట్టుకుందాం" అంది. అదెంత పని అనుకున్నా. 2008లో సెలవుకి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ ఆల్బం మొత్తం, 214 ఫొటోలు, రెండ్రోజులు కూర్చుని స్కాన్ చేశాను కదా! పాత హార్డ్ డిస్కు వెతికి ఫోల్డరు తెరిస్తే... అన్నీ 640 పిక్సెళ్ళ వెడల్పే. ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలనుకుంటే, నా దగ్గర మిగిలిన అమ్మమ్మ వెడల్పు రెండంగుళాల పైచిలుకు. ఆల్బమేమో ఎప్పుడో వానల్లో తడిసి, ఫొటోలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి.

ఈ పని చేసింది ఎవరో కాదు, నేనే. అప్పట్లో చుట్టాలకి మెయిల్లో పంపడానికి ఫైళ్ళు మరీ బరువుగా ఉన్నాయని, లినక్సులో ఇమేజ్‌మ్యాజిక్‌తో ఒక్క లైను కొట్టాను. మోగ్రిఫై, రీసైజ్, 640, స్టార్ డాట్ జేపీజీ. అంతే. కాఫీ కలుపుకుని వచ్చేసరికి పనైపోయింది. ఒక్క లైనుతో 214 ఫైళ్ళ పని తెమిలితే మన సాఫ్టువేరు జీవులకి కలిగే ఆనందం గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. మోగ్రిఫై కొత్త ఫైలు రాయదు, పాతదాని మీదే రాసేస్తుంది అని మాన్యువల్లో ఉంది. మాన్యువల్ మనం ఎప్పుడు చదువుతాం? పని చెడ్డాక :)

సరే, చెడ్డాక చదవడం మొదలెట్టాను కాబట్టి, అసలు దీని పుట్టుపూర్వోత్తరాలు కూడా చదివాను.

1987. అమెరికాలో డ్యూపాంట్ అని రసాయనాల కంపెనీ, నైలాన్ కనిపెట్టినవాళ్ళు. అక్కడ పనిచేసే జాన్ క్రిస్టీకి ఆయన పై అధికారి డేవిడ్ పెన్సాక్ ఒక పని అప్పజెప్పాడు. కంప్యూటరు తయారుచేసిన 24 బిట్ల బొమ్మల్ని, ఒకేసారి 256 రంగులు మాత్రమే చూపగల మానిటరు మీద చూపించాలి. 24 బిట్లంటే దాదాపు 1.67 కోట్ల రంగులు. అవన్నీ చూపగల మానిటర్లు అప్పట్లో అరుదు, పైగా బోలెడు ఖరీదు.

డ్యూపాంట్‌లో కెమిస్టులకి కొదవ లేదు గానీ, కంప్యూటర్ సైన్సు తెలిసినవాళ్ళు తక్కువ. అందుకని క్రిస్టీ యూజ్‌నెట్‌లో సాయం అడిగాడు (ఇప్పటి స్టాక్ ఓవర్‌ఫ్లోకి తాతలాంటిదనుకోండి). సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వారి ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్ నుంచి పాల్ రేవలింగ్ అనే ఆయన జవాబిచ్చాడు. ఉత్త సలహా కాదు, సోర్స్ కోడే ఉందన్నాడు, తీసుకోమన్నాడు.

తర్వాత కూడా అలాంటి సాయాలు చాలా అందాయట. ఆ రుణం తీర్చుకోవడానికి, తాను రాసిన పనిముట్లన్నీ అందరికీ ఉచితంగా ఇచ్చేద్దామనుకున్నాడు క్రిస్టీ. సోర్స్ కోడ్ బయటికివ్వడం కంపెనీలకి అలవాటు లేని రోజులవి. పెన్సాక్ కంపెనీని ఒప్పించాడు. అలా 1990 ఆగస్టు 1న ఇమేజ్‌మ్యాజిక్ యూజ్‌నెట్‌లోకి వచ్చింది. 1999లో డ్యూపాంట్ కాపీరైటు కూడా ఇమేజ్‌మ్యాజిక్ స్టూడియోకి రాసిచ్చేసింది. మన ఆఫీసుల్లో రోజూ వాడేసుకునే ఉచిత సరుకు వెనక ఇలా ఎవరో ఒకరు తీర్చుకున్న బాకీ ఉంటుందన్నమాట. మనం తీర్చినవెన్నో లెక్క చూసుకుంటే నాకైతే కాస్త సిగ్గేసింది.

ఈ కథలో నాకు తగిలింది ఇంకోటుంది. క్రిస్టీ రంగులు తగ్గించింది తెర చాలక. అంటే తగ్గించడం అన్నది చూపించడానికి, దాచుకోవడానికి కాదు. 2008లో నా మానిటరు 1024 బై 768. దాని మీద 640 నిండుగా కనిపించింది, ఇంతకంటే ఎందుకులే అనుకున్నా. ఇవాళ జేబులో ఫోను తెరకే అది చాలట్లేదు. తప్పు కమాండుది కాదు, ఆనాటి తెరే ఎప్పటికీ ఉంటుందనుకున్న నాది.

ఇప్పుడు నా స్క్రిప్టు ముందుగా 'చిన్నవి' అని వేరే ఫోల్డరు చేస్తుంది. మోగ్రిఫైకి పాత్ అనే ఆప్షన్ ఇస్తే ఫలితం అందులోకే వెళ్తుంది, అసలువి కదలవు. కొలత చివర 'గ్రేటర్ దేన్' గుర్తు పెడితే పెద్దవాటినే తగ్గిస్తుంది, చిన్నవాటిని సాగదీయదు. ఆ కొలతని కొటేషన్లలో పెట్టడం మర్చిపోకండి, లేదంటే షెల్ దాన్ని రీడైరెక్షన్ అనుకుంటుంది.

చివరికి ఆ 640 ఫొటోనే పోస్టుకార్డంత ప్రింటు వేయించి పంపాను. దూరం నుంచి బానే ఉంది, దగ్గరికెళ్తే మొహం మసక. "బానే ఉందిలేరా" అంది అమ్మ. మీ ఇంటి ఫొటోల ఒరిజినల్స్ ఉన్నాయో లేదో ఈ రాత్రికే ఓసారి చూసుకోండి.