పంగిడి నల్లరాయి

జంగారెడ్డిగూడెమునుండి కొవ్వూరు పోవువారు దేవరపల్లి దాటిన పిమ్మట గౌరీపట్నం, పంగిడి క్వారీలలో నల్లరాయి చూతురు. మన రోడ్లకు పరచు కంకర ఇదే. ఇది ఒకనాడు కరిగి పారిన దక్కను లావా. పడమటి కనుమల దిక్కునుండి సుమారు వెయ్యి కిలోమీటర్లు నడచి, 6.6 కోట్ల ఏండ్ల క్రిందట ఇచ్చటి సముద్రతీరమును చేరినదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

అంతటి లావా ఒంటరిగా రాదు. వెంట వచ్చు గంధకవాయువులు ఎండను అడ్డగించి భూమిని కొన్నేండ్లు చల్లబరచును. బొగ్గుపులుసు వాయువు వేలయేండ్లు నిలిచి వేడిచేయును.

రాక్షసిబల్లులు అంతరించినదీ ఆ కాలముననే. మరి ఏది ముందు, ఏది వెనుక? ఇచ్చటి లావాపొరల నడుమ సున్నపురాయి చిక్కియున్నది. గెర్టా కెల్లర్ బృందము 2008లో అందలి సూక్ష్మ సముద్రజీవుల గుల్లలను పరిశీలించగా, అవి ఆ వినాశము జరిగిన వెంటనే పుట్టినవని తేలినది. అనగా క్రింది లావా అప్పటికే పారి చల్లారినది! మెక్సికోలో పడిన ఉల్కయే ముఖ్యకారణమనువారు మాత్రము ఇంకను ఒప్పుకొనలేదు.